అడవిబాట – అనుమతి

శ్రీశైలమునకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములున్నవని పెద్దలు చెప్పుదురు. తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. కడపటి రెండును మా ప్రాంతమువే. అలంపురము జోగులాంబ గద్వాల జిల్లాలోను, ఉమామహేశ్వరము నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేటకు సమీపమునను ఉన్నవి. ఈ ద్వారములకు తలుపులు లేవు, గడియలు లేవు. ద్వారమనగా లోనికి పోవుటకు మొదలిడుచోటు అనియే పూర్వుల భావము. నేడు నల్లమల అంచున అడవిశాఖవారు నిలిపిన గేటులను చూచి మనము గ్రహించు భావము దీనికి వ్యతిరేకమైనది, గేటనగా ఆగవలసినచోటు. ఈ రెండు భావములలో ఏది యెవరికి, ఎప్పుడు, ఏల వర్తించునో విచారింపకయే మనము త్రోవలు నడచుచున్నాము. అంతకంటె వింత యేమనగా, ఆ విచారణ లేకయే త్రోవల పటములు కూడ వ్రాయుచున్నాము. ఆ పటముల మాటయే యిచ్చట చెప్పదలచితిని.

పూర్వము పటము వ్రాయుట ప్రభువుల పని. సర్వే ఆఫ్ ఇండియా శాఖ 1767లో ఏర్పడినది. లాంబ్టను దొర మద్రాసు దాపున త్రికోణమితి కొలతలు మొదలుపెట్టినది 1802లో. అది మొదలు రెండువందల యేండ్లకు పైగా పటమనునది సర్కారు కచ్చేరీలలో పుట్టి అచ్చటనే భద్రపరుపబడు వస్తువుగా నుండెను. మన దేశమున పటములు చేయుటకు ముందుగా అనుమతులు పొందవలెనను నిర్బంధమును కేంద్రప్రభుత్వము 2021 ఫిబ్రవరి 15వ తేదీన వెలువరించిన నిబంధనలచే చాలవఱకు తొలగించినది. ఈలోపలనే లోకమందు మఱియొక పద్ధతి పుట్టియుండెను. 2004లో ఇంగ్లండునందు స్టీవ్ కోస్టు అను నతడు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అను పటమును ప్రారంభించెను. ఊరివారందఱు తలకొక తట్ట మన్ను మోసి చెఱువుకట్ట వేసినట్లు, ఎవరికి తెలిసిన త్రోవను వారు దానియందు వ్రాయుదురు. ఎవరు వ్రాసినను, ఎవరు దిద్దినను దాని జాడ చెడక నిలిచియుండును. నేడు అనేకములైన ఫోను పటములు, బాట చూపు సాధనములు దానిపై ఆధారపడి నడచుచున్నవి.

ఆ పటమునందు వ్రాయు పద్ధతి మా బడిపిల్లలకు చెప్పవలసివచ్చినపుడు నాకు వ్యాకరణమే అక్కఱకు వచ్చినది. గీచిన ప్రతి గీతయు ఒక విశేష్యము. దానికి తగిలించు గుఱుతులను ట్యాగులందురు, అవి విశేషణములు. ఇది బండ్ల బాట యని యొక ట్యాగు, దీనిపై రాళ్లు పఱచియున్నవని యొక ట్యాగు, ఇచ్చట గేటున్నదని యొక ట్యాగు. అన్నింటిలో మిక్కిలి చిక్కైనది ‘యాక్సెస్’ అను ట్యాగు. ఈ త్రోవను ఎవరు వాడవచ్చును? ఈ ప్రశ్నకు ఆ ట్యాగు బదులు చెప్పవలెను. త్రోవ యెంత పొడవున్నదో కొలువవచ్చును, ఎంత వెడల్పున్నదో చూడవచ్చును. కాని ఎవరిదో చెప్పుటకు కొలతబద్దయు చాలదు, కన్నును చాలదు.

ఆకాశమునుండి తీసిన ఛాయాపటములు ఈ చిక్కును పెంచినవి. 2010లో మైక్రోసాఫ్ట్ సంస్థవారు తమ ఛాయాపటములను చూచి గీతలు గీచుకొనుటకు ఈ పటము వ్రాయువారికి అనుమతించిరి. నాటినుండి ఎక్కడనో దూరదేశమున కుర్చీపై కూర్చుండినవాడు నల్లమలలోని బండిబాటను చక్కగా గీయగలుగుచున్నాడు. అది గొప్ప మేలే. కాని పైనుండి బాట కనబడును గాని, బాటకు అడ్డముగా నున్న ఇనుపదూలము కనబడదు. దాని ప్రక్కనున్న పలక కనబడదు. పలకపై వ్రాసినది అసలే కనబడదు. గీచినవాడు బాట యున్నదని మాత్రము వ్రాసి లేచిపోవును. ఫోను మాత్రము బాటయున్నచో పోవచ్చుననియే తలచును.

దీని ఫలమును మా బంధువులొకరు అనుభవించిరి. వనపర్తినుండి శ్రీశైలమునకు కారులో బయలుదేరి, అచ్చంపేట దాటిన పిమ్మట దగ్గఱిదారి యని ఫోను చెప్పిన మాట నమ్మి పెద్దబాట విడిచిరి. కొంతదూరము పోవుసరికి బాటకు గేటు, గేటుకు తాళము. ప్రొద్దు వాలినది, బండిని త్రిప్పుటకు చోటు లేదు, బండిలో ముసలితల్లి, ఇద్దఱు పసిపిల్లలు. కావలివాడు వచ్చి, గద్దించి, పిమ్మట జాలిపడి, దీపము చూపి వెనుకకు నడిపించెను. తిరిగివచ్చి వారు కావలివానిని తిట్టలేదు, గేటును తిట్టలేదు; పటమును తిట్టిరి. నాకు అది న్యాయముగానే తోచినది. గేటు తన పని తాను చేసినది. పటమే తన పని చేయలేదు.

ఇట్టి కథలు విన్నపుడు కొందఱు సులభమైన ఉపాయము చెప్పుదురు: అడవిబాటలను పటమునుండి తుడిచివేయవలెనని. ఈ వాదము మనవద్దనే పుట్టినది కాదు. అమెరికాదేశమందు వనములను, ఉద్యానములను పాలించు అధికారులు కొందఱు తాము మూసిన కాలిబాటలను పటమునుండి తీసివేయుడని కోరుటయు, పటము వ్రాయువారు ఒప్పుకొనకుండుటయు జరిగినది. వారి ప్రత్యుత్తరమునందు సారమున్నది. ఉన్న బాటను తుడిచివేసినచో, మఱునాడు మఱియొకడు ఛాయాపటము చూచి, ఇచ్చట బాట మఱచిరే యని తిరిగి గీయును. ఈసారి గేటు సంగతి తెలియకయే గీయును. అదియుగాక, వేసవిలో అడవి అంటుకొన్నపుడు ఆర్పువారికి ఆ బాట కావలెను. పెంటలో పురిటినొప్పులు పడు స్త్రీకొఱకు పోవు వైద్యబండికి ఆ బాట కావలెను. కావున బాట నుండనిచ్చి, దాని నియమమును వ్రాయుటయే సరియైన మార్గము.

ఇక నియమము వ్రాయుట యెట్లు? ‘నో’ అని యొక్క మాట వ్రాసి చేతులు దులుపుకొనువారు పలువురు. ‘నో’ అనగా సామాన్యజనులెవరును పోరాదని భావము. చట్టమును తెఱచి చూచినచో అది యింత మొఱటుగా చెప్పలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునందలి 27వ విభాగము అభయారణ్యములోనికి ఎవరు పోవచ్చునో వరుసగా చెప్పుచున్నది. పనిమీదనున్న ప్రభుత్వసేవకుడు, లోపల నివసించుటకు అనుమతి గలవాడు, లోపల స్థిరాస్తిపై హక్కు గలవాడు, రాజమార్గముపై అభయారణ్యమును దాటిపోవువాడు, ఇట్టివారిపై ఆధారపడినవారు. వీరుగాక తక్కినవారు 28వ విభాగము క్రింద అనుమతిపత్రము పొంది పోవలెను. వన్యప్రాణులను గూర్చిన పరిశోధనకును, ఛాయాచిత్రములకును, యాత్రావిహారమునకును, లోపల నివసించువారితో న్యాయమైన వ్యవహారము నడపుటకును ఆ పత్రము ఇయ్యవచ్చును. ఇందు ‘రాదు’ అను మాటకంటె ‘ఎవరు, ఎందులకు’ అను మాటలే ముఖ్యము. పటమునందు ఇందుకు తగిన మాటలున్నవి. యజమాని విడివిడిగా ఒప్పుకొన్నవారికే చెల్లు త్రోవ ‘ప్రైవేట్’. అడిగినవారికి వాడుకగా చీటీ యిచ్చు త్రోవ ‘పర్మిట్’. ఫరహాబాదునుండి అడవి చూపుటకు యాత్రికులను తీసికొనిపోవు బాటకును, కావలివారు తప్ప ఇతరులు తిరుగని బాటకును ఒకే ట్యాగు తగిలించుట సోమరితనము.

మఱి రెండు మాటల భేదము నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. ‘యెస్’ అను మాటయు ‘పర్మిసివ్’ అను మాటయు. రెండింటియందును మనుష్యుడు నడచిపోవును. కాని మొదటిదానిలో నడచుట అతని హక్కు. రెండవదానిలో అడ్డుపెట్టకుండుట యజమాని దయ. మన శాస్త్రములలో అధికారమని, అనుజ్ఞయని చెప్పు భేదమిదియే. అనుజ్ఞ యిచ్చినవాడు రేపు దానిని మరల తీసికొనవచ్చును. అధికారమును అట్లు తీసికొనుటకు వీలులేదు. ఇంగ్లండునందు 1932లో కిండర్ స్కౌట్ అను కొండమీదికి వందలకొలది కార్మికులు యజమానుల అభ్యంతరమును లెక్కింపక నడచిరి. కొందఱు చెఱసాలకు పోయిరి. 1949లో ఆ దేశమున వచ్చిన చట్టము, ప్రజలు నడచు హక్కుగల కాలిబాటలనన్నిటిని జిల్లాసభలు పటముగా వ్రాయవలెనని విధించినది. ఆ పటమున వ్రాయబడుటయే హక్కునకు తిరుగులేని సాక్ష్యము. మన ఓపెన్ స్ట్రీట్ మ్యాపునకు అట్టి చట్టబలము లేదు. అయినను జనులు దానిని సాక్ష్యముగానే నమ్ముచున్నారు గనుక, వ్రాయువాని బాధ్యత తగ్గదు.

త్రోవను మూయుట యెల్లప్పుడు న్యాయము కాదని మన దేశచరిత్రయే చెప్పుచున్నది. 1924లో తిరువాంకూరు సంస్థానమందలి వైకమునందు జరిగిన సత్యాగ్రహము ఆలయప్రవేశమునకై కాదు. ఆలయము చుట్టునున్న వీథులపై నడచుటకై. తక్కువకులమని చెప్పి మనుష్యులను వీథికి ఆవల నిలిపిన కాలమది. 1925లో మూడువైపుల వీథులు తెఱచిరి. ఆలయప్రవేశ ప్రకటన 1936లో వచ్చినది. మన రాజ్యాంగమునందలి 15వ అధికరణము బావులతోను, చెఱువులతోను, స్నానఘట్టములతోను పాటు త్రోవలను కూడ పేర్కొని, జాతికులాదుల చేత ఎవరిని అడ్డగింపరాదని శాసించినది. అదే రాజ్యాంగమునందు 19వ అధికరణము దేశమంతట స్వేచ్ఛగా తిరుగు హక్కునిచ్చి, ఆ హక్కునకు రెండు హేతువులచే మాత్రమే తగినంత నిర్బంధము పెట్టవచ్చునన్నది. ఒకటి జనసామాన్యముయొక్క క్షేమము. రెండవది షెడ్యూల్డు తెగల క్షేమమును కాపాడుట. కావున అడవిగేటు నీతిమంతమో కాదో తేల్చుటకు మనకు ఒక కొలత దొరకినది. పులికిని అడవికిని, అడవిలోని మనుష్యునికిని మేలుచేయు గేటు న్యాయమైనది. అడవిలోని మనుష్యునే వెలివేయు గేటు వైకము వీథికి చుట్టము.

ఆ మనుష్యుని మాట యిక చెప్పవలెను. నల్లమలలో చెంచులు పెంటలందు నివసించుచున్నారు. ఆస్ట్రియాదేశస్థుడైన హైమెన్‌డార్ఫ్ పండితుడు 1940లో అమరాబాదు పీఠభూమిపై వారితో తిరిగి వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. పులుల సంరక్షణ ప్రాంతము అంతకు నలువది యేండ్ల తరువాత వచ్చినది. అది 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము పేర ఏర్పడి, 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత తెలంగాణ భాగము అమరాబాదు పులుల సంరక్షణ ప్రాంతమైనది. దాని వైశాల్యము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. అనగా గేటు పుట్టుటకు ఎంతోముందే బాటయున్నది. బాటకు ముందే దానిపై నడచు మనుష్యుడున్నాడు. 2006 నాటి అటవీహక్కుల చట్టము ఈ సత్యమును గుర్తించినది. తేనె, గడ్డలు, బంక మొదలగు అటవీఫలములపై యాజమాన్యమును, వానిని సేకరించుటకు అడవిలోనికి పోవు హక్కును అది అడవివాసులకు చెప్పినది. అది అధికారము; అనుజ్ఞ కాదు.

మఱి పటమునందు దీనిని వ్రాయుట యెట్లు? ఒక విద్యార్థిని నన్నడిగినది: “చెంచులకు ‘యెస్’, తక్కినవారికి ‘నో’ అని వ్రాయగూడదా, అయ్యా?” ప్రశ్న మంచిదే. కాని నడచువాని పుట్టుకనుబట్టి ట్యాగు తగిలించు ఏర్పాటు ఆ పటమునందు లేదు, లేకుండుటయే మేలు. నేడు మేలునకై వ్రాసిన కులము పేరు రేపు కీడునకు పనికివచ్చును. వేఱొక ఉపాయమున్నది. పెంటను పటములో వ్రాయవలెను. పలు పటములలో నల్లమల పచ్చరంగు పూసిన ఖాళీస్థలమువలె నుండును. బాట యెవరి యింటికిని పోనట్లు కనబడును. పెంటను దాని పేరుతో వ్రాసినపుడు ఆ బాట ఇండ్లకు పోవు బాట యగును. పిమ్మట బాటకు ‘ప్రైవేట్’ అని వ్రాసినను, దాని భావము మాఱిపోవును. ఇంటివారు తమ యింటికి పోవుటకు ఎవరిని అడుగరని చదువువానికి తెలియును. మొదట పెంట, తరువాత బాట, ఆపైని గేటు. ఈ వరుస తప్పరాదు. పులుల ప్రాంతమునుండి గ్రామములను తరలించుట స్వచ్ఛందముగా, గ్రామసభ సమ్మతితో జరుగవలెనని చట్టమున్నది. అట్టి సమయమున అచ్చట ఊరే లేదని చెప్పు పటము ఊరివారికి ద్రోహము చేయును.

అయితే తెలిసినదెల్ల వ్రాయుమని దీని అర్థము కాదు. తేనెపట్టుల కొండచరియలకు పోవు సన్నని కాలిబాటలు, వారి దేవరల చోటులు వారు కోరనిదే వ్రాయరాదు. ఊరి పేరు వ్రాయుట ఒకరి ఉనికిని ఒప్పుకొనుట. వారి తేనెచెట్టును చూపుట వారి ఇల్లు దోచువానికి దారి చూపుట.

వ్యాకరణము చదివినవారికి ఉత్సర్గాపవాదములు తెలియును. సామాన్యవిధి ఉత్సర్గము, దానిని బాధించు విశేషవిధి అపవాదము. పటము వ్రాయువారి నియమమును అదియే. బాటకు మొత్తముమీద ‘నో’ అని వ్రాసి, కాలినడకకు ‘యెస్’ అని వేఱుగా వ్రాసినచో, నడకవఱకు రెండవది మొదటిదానిని బాధించును. మోటారుబండికి ఒకటి, ఎద్దులబండికి ఒకటి, పాదచారికి ఒకటి వ్రాయవచ్చును. గేటునకును బాటకును వేఱువేఱుగా వ్రాయవలెను. గేటును వ్రాసి దాని నియమమును వ్రాయకున్నచో, బాట చూపు యంత్రములు ఒకటి పోవచ్చుననియు, మఱియొకటి పోరాదనియు తమకు తోచినట్లు ఊహించుకొనును. మా బంధువులవంటివారు ఆ ఊహలకు బలియగుదురు.

కాలనియమము కూడ కలదు. హైదరాబాదు–శ్రీశైలము రాజమార్గముపై మన్ననూరునకును దోమలపెంటకును నడుమ రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటలవఱకు బండ్లను విడువరు. రాత్రి మృగములు త్రోవ దాటు సమయము గనుక ఇది సమంజసమే. గడియారమునకు కట్టుబడిన ఇట్టి నియమమును పటమునందు చక్కగా వ్రాయవచ్చును. కాని సలేశ్వరము సంగతి వేఱు. లోతైన లోయలో జలపాతము ప్రక్కనున్న గుహలోని లింగమును చూచుటకు చైత్రపూర్ణిమనాటి జాతరకై ఏటేట కొలదిదినములు మాత్రము అడవిబాట తెఱచి, వేలకొలది జనమును లోనికి విడుతురు. అచ్చట పూజారులు చెంచులే. ఈ తిథిని పటమునందు వ్రాయబోయి చూచితిని. మాఱుచుండు పండుగలలో క్రైస్తవుల ఈస్టరునకు అందు ఏర్పాటున్నది; చైత్రపూర్ణిమకు లేదు! రెండును చంద్రునినిబట్టి వచ్చు దినములే. ఇందు ఎవరి దురుద్దేశమును లేదు. వ్రాసినవారికి తెలిసిన పండుగ వారు వ్రాసికొనిరి. మనము పోయి మన పండుగ చెప్పలేదు. మన పంచాంగము తెలిసినవారు, యంత్రభాష తెలిసినవారు కలిసినచో ఈ లోపము తీరును. అంతవఱకు జాతర దినములలో మాత్రము తెఱతురని మాటలలో వివరణ వ్రాసి, బాటను మూసినట్లే యుంచవలెను. జాతరకు పోయివచ్చిన ఉత్సాహములో గేటు తెఱచియున్నదని వ్రాసి మఱచినచో, ఆ ఒక్క మాట ఏడాది పొడుగున బండ్లను అడవిలోనికి పంపుచుండును.

పటము వ్రాయువారికిని, గేటు నిలుపువారికిని నేను చెప్పదలచినది కొంచెమే. వ్రాయువారు గేటువద్దకు పోయి పలకను చదివి వ్రాయవలెను. చదివిన తేదీని కూడ వ్రాయవలెను. విన్నమాటనుబట్టి వ్రాయరాదు. కావలివానిని, పెంటలోని పెద్దలను ఇరువురను అడుగవలెను. ఒకరిని మాత్రమే అడిగినచో సగమే తెలియును. గేటు నిలుపువారు ‘ప్రవేశము లేదు’ అను రెండు మాటలతో తృప్తిపడక, ఏ చట్టము క్రింద, ఎవరికి, ఏ వేళలలో, అనుమతికి ఎచ్చట అడుగవలెనో తెలుగులో పెద్దయక్షరములతో వ్రాయింపవలెను. నియమమునకు కారణము చెప్పినపుడు జనులు దానిని మన్నింతురు. చెప్పనపుడు అది అధికారుల జులుముగా తోచును. ఈ మూడు జిల్లాలలోని పాఠశాలలలో పై తరగతుల బాలబాలికలు ఈ పని నేర్చుకొనుటకు తగినవారు. తమ ఊరి గేటుపై పలక నకలు తీసికొని వచ్చి, దానిలోని ‘ఎవరు, ఎప్పుడు, ఎందులకు, ఎవరి అనుమతితో’ అను నాలుగు మాటలకు జవాబు వెదకుట మంచి పౌరశాస్త్రపాఠము. జవాబు దొరకనిచోట దొరకలేదనియే వ్రాయవలెను. ఆ పటమునందు దానికిని ఒక మాటయున్నది.

ఇక ఇండ్లలో ఈ పత్రికను చదువు సోదరీసోదరులకు ఒక మనవి. శ్రీశైలమునకో, సలేశ్వరమునకో బయలుదేరునపుడు ఫోను చూపిన గీతను అనుమతిగా తలపకుడు. గేటువద్ద నిలిపిన కావలివానితో వాదమాడకుడు. అట్లే, తలపై కట్టెలమోపుతో ఆ గేటును దాటిపోవు చెంచు స్త్రీని చూచి, ఆమెను విడిచి మమ్మేల ఆపితిరని అడుగకుడు. ఆమె పోవుచున్నది తన యింటికి.